పాత కారు, కొత్త భాగాలు: పునర్నిర్మాణ క్రమం

ఉద్దేశాలు
ఈ పాఠ్యభాగం చదివిన తర్వాత మీరు:
• పాత కారును పునరుద్ధరించడానికి, పునర్నిర్మించడానికి గల తేడాను చెప్పగలుగుతారు.
• ఇంజిన్ కంటే ముందు బ్రేకులను ఎందుకు మెరుగుపరచాలో లెక్కతో వివరించగలుగుతారు.
• ఇటువంటి మార్పులకు చట్టం విధించిన పరిమితులను గుర్తించగలుగుతారు.

1. పరిచయం
మధ్యతరహా బాడీలో పెద్ద ఇంజిన్ అమర్చిన కార్లను అమెరికాలో 'మజిల్ కార్లు' అన్నారు. 1964 నాటి పోంటియాక్ జీటీవో ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. మన దేశంలో ఆ పేరు హిందుస్థాన్ మోటార్స్ వారి కాంటెస్సాకు దక్కింది. బ్రిటన్‌కు చెందిన వాక్స్‌హాల్ కారు ఆధారంగా రూపొందిన ఈ కారు 1984 నుంచి 2002 వరకు తయారైంది. చూపుకు గంభీరంగా ఉన్నా, తొలి కాంటెస్సాలోని 1.5 లీటర్ల ఇంజిన్ శక్తి సుమారు 50 హార్స్‌పవర్ మాత్రమే. తర్వాత కంపెనీ 1.8 లీటర్ల ఇసుజు ఇంజిన్‌ను, దానితోపాటు ఐదు గేర్ల గేర్‌బాక్సును అమర్చింది. ఇంజిన్ ఒక్కటే మారితే చాలదని ఈ మార్పే చెబుతుంది.

2. రెండు పద్ధతులు
కారును ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపానికి తేవడం పునరుద్ధరణ. పాత బాడీని ఉంచి, లోపల ఆధునిక భాగాలు అమర్చడం పునర్నిర్మాణం. రెండింటిలోనూ మొదటి పని బాడీ పరీక్షే. తుప్పు తిన్న లోహం మీద కొత్త ఇంజిన్ బరువు, కుదుపు పడితే బాడీ పగుళ్లిస్తుంది.

3. ఒక మార్పు, పది మార్పులు
ఇంజిన్ శక్తి పెరిగితే క్లచ్, గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్, డిఫరెన్షియల్ ఆ బలాన్ని తట్టుకోవాలి. ఎక్కువ వేడిని తొలగించడానికి రేడియేటర్ పెద్దది కావాలి. కార్బ్యురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ పెడితే, పెట్రోలు పీడనం సుమారు పది రెట్లు పెరుగుతుంది. అందువల్ల పంపు, పైపులు, ట్యాంకు అమరిక, వైరింగ్ కూడా మారాలి.

4. ఆపే శక్తి: ఒక లెక్క
కదిలే వాహనం గతిశక్తి వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఆ శక్తినంతా బ్రేకులు వేడిగా మార్చాలి.

మొయినాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే దారిని ఉదాహరణగా తీసుకుందాం. మర్రిచెట్లకు పేరుపడిన ఈ హైదరాబాదు–బీజాపూర్ రహదారి దశాబ్దాలపాటు రెండు వరుసల రోడ్డుగానే ఉంది. కూరగాయల వాహనాలు, బస్సులు, బైకులు అన్నీ ఆ దారినే వెళతాయి. అక్కడ ఒక కారు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. బ్రేకు వేస్తే దాని వేగం సెకనుకు 6 మీ./సె. చొప్పున తగ్గుతుందనుకుంటే, కారు ఆగడానికి 23 మీటర్లు పడుతుంది. డ్రైవర్ స్పందించే ఒక సెకనులో అది మరో 17 మీటర్లు పోతుంది. మొత్తం 40 మీటర్లు. అదే 80 కిలోమీటర్ల వేగమైతే 41, 22 కలిపి 63 మీటర్లు.

అంటే, వేగం మూడో వంతు పెరిగితే ఆగే దూరం సగానికి పైగా పెరిగింది. ఎదుటి వాహనం 50 మీటర్ల దూరంలో అడ్డం వస్తే మొదటి కారు ఆగుతుంది, రెండోది ఆగదు. వేడెక్కిన పాత డ్రమ్ బ్రేకుల పట్టు తగ్గితే ఈ దూరం ఇంకా పెరుగుతుంది. కాబట్టి బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్, ఆ తర్వాతే ఇంజిన్: ఇదీ సరైన క్రమం.

5. చట్టపరమైన పరిమితులు
మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని బలపరిచింది. కాబట్టి ఇంజిన్ కొనకముందే రవాణా అధికారులను సంప్రదించాలి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనం 'వింటేజ్' గుర్తింపు పొందవచ్చు. అయితే అది పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. 1984 నాటి కాంటెస్సాకు 2034లో 50 ఏళ్లు నిండుతాయి. ఈలోగా ఇంజిన్ మార్చిన యజమాని ఆ అవకాశాన్ని వదులుకున్నట్లే.

6. సారాంశం
కారు విడిభాగాల కుప్ప కాదు, ఒక వ్యవస్థ. ఒక భాగం బలం పెంచినప్పుడు ఆ బలాన్ని మోసే, ఆపే భాగాల బలమూ పెరగాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి
1. పై లెక్క ఆధారంగా 100 కిలోమీటర్ల వేగంలో ఆగే దూరాన్ని కనుక్కోండి.
2. మీకు 1984 నాటి కాంటెస్సా ఉంటే పునరుద్ధరిస్తారా, పునర్నిర్మిస్తారా? కారణాలు రాయండి.