బెల్టు కొత్తది, బిగువు పాతది

ఒమన్ గల్ఫ్ ఒడ్డున, ఫుజైరాకు దక్షిణంగా ఆనుకుని ఉన్న కల్బా పట్టణం పాలనలో షార్జాకు చెందుతుంది. హజర్ కొండలను తొలిచి వేసిన రోడ్డు షార్జానూ కల్బానూ కలుపుతుంది. వేసవిలో అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, సముద్రపు తేమ ఆ ఉక్కను రెట్టింపు చేస్తుంది. ఏసీ లేకుండా కారులో కూర్చోలేని ఇలాంటి చోట కంప్రెసర్‌ను తిప్పేది ఇంజన్ ముందు భాగంలో ఉండే నల్లని బెల్టు. ఆ బెల్టును వదులు కాకుండా చూసేది టెన్షనర్. బెల్టును మార్చి టెన్షనర్‌ను అలాగే వదిలేయడం చాలా గ్యారేజీల్లో మామూలు. కల్బా లాంటి ఊళ్లలో ఆ అలవాటు తప్పని, బెల్టు కన్నా ముందు టెన్షనర్‌నే అనుమానించాలని నా వాదన.

ఎందుకో తెలియాలంటే ఈ పరికరం ఎలా పుట్టిందో చూడాలి. 1917లో అమెరికాలోని డెన్వర్‌లో జాన్ గేట్స్ రబ్బరుతో వి ఆకారపు బెల్టు చేశాడు. అప్పటిదాకా తోలు పట్టీలతో నడిచిన ఫ్యాన్లు దానికి మారాయి. తర్వాత కార్లలో ఆల్టర్నేటర్‌కు ఒకటి, పవర్ స్టీరింగ్‌కు ఒకటి, ఏసీకి ఇంకొకటి చొప్పున బెల్టులు పెరిగాయి. వాటి బిగువును మెకానిక్ చేత్తోనే సరిచేసేవాడు: ఆల్టర్నేటర్ బోల్టు వదులుచేసి, కడ్డీతో ఎత్తిపట్టి, బెల్టును బొటనవేలితో నొక్కి చూసి మళ్లీ బిగించేవాడు. ఏ బెల్టయినా కొన్నాళ్లకు సాగేది, మళ్లీ గ్యారేజీకి పోవలసి వచ్చేది. 1979 ఫోర్డ్ మస్టాంగ్‌తో ఒకే వెడల్పాటి బెల్టు పాములా మెలికలు తిరుగుతూ అన్ని పుల్లీలనూ తిప్పే పద్ధతి రోడ్డెక్కింది. అన్ని పనులూ ఒకే బెల్టు మీద పడ్డాక బిగువును మనిషి బొటనవేలికి వదిలేయడం కుదరదు. అందుకే లోపల స్ప్రింగు, ఊపును అణచే డ్యాంపర్, చివర బేరింగు మీద తిరిగే పుల్లీ ఉన్న టెన్షనర్ ఆ చేతిపనిని తనమీద వేసుకుంది. అంటే బిగించే మెకానిక్ ఇప్పుడు ఇంజన్‌లోనే రాత్రింబవళ్లు కాపలా ఉన్నాడన్న మాట. అతను అలిసిపోతే కనిపెట్టేవాళ్లు ఉండరు.

బిగువు ఎంత ముఖ్యమో ఆయిలర్, ఐటెల్‌వైన్‌ల పేరుతో పిలిచే సూత్రం చెబుతుంది. గేదె పలుపును గుంజకు ఒక చుట్టు చుడితే దాని లాగుడును చిన్నపిల్లవాడైనా ఆపగలడు కదా, పుల్లీ మీద బెల్టు జారకుండా పట్టుకునేదీ అదే నియమంతో. ఘర్షణ గుణకం 0.5 అనుకుందాం. బెల్టు పుల్లీని సగం చుడితే బిగువు వైపు లాగుడు వదులు వైపు లాగుడుకు దాదాపు 4.8 రెట్ల వరకు పోగలదు. మూడో వంతు చుడితే 2.9 రెట్లు కూడా రాదు. ఇది రెట్ల లెక్క కాబట్టి, వదులు వైపు బిగువు నాలుగో వంతు తగ్గితే బెల్టు మోయగల బరువూ నాలుగో వంతు తగ్గుతుంది. వదులు వైపు బిగువును కాపాడేది టెన్షనరే. స్ప్రింగు నీరసపడ్డాక బెల్టు ఎంత కొత్తదైనా జారుతుంది, జారితే వేడెక్కుతుంది, వేడెక్కితే త్వరగా అరుగుతుంది. కీచుమనే చప్పుడు విని బెల్టు మార్చేవాళ్లు చాలాసార్లు రోగిని వదిలి పక్కవాడికి మందు పోస్తున్నారు.

కల్బా పరిస్థితిలో ఇది ఇంకా తీవ్రం. దుకాణం ముందు ఇంజన్ ఆపకుండా ఏసీ వేసి కారు వదిలి వెళ్లడం గల్ఫ్ అంతటా కనిపిస్తుంది. ఐడిల్‌లో నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 750 చుట్లు తిరిగితే సెకనుకు 25 దెబ్బలు బెల్టుకు తగులుతాయి. చాలా కార్లలో కంప్రెసర్ క్లచ్ పడుతూ విడిపోతూ ఉంటుంది కాబట్టి ఆ కుదుపులు వేరే. అన్నిటినీ మింగేది టెన్షనర్ డ్యాంపరే. ఓడోమీటరులో ఒక్క కిలోమీటరు కూడా పెరగకుండానే అది గంటల కొద్దీ అరిగిపోతుంది. వేడికి బేరింగులో గ్రీజు పలచబడుతుంది, ఉప్పుగాలి లోహాన్ని తింటుంది. వరద కూడా ఉంది: 2022 జులై చివర్లో ఫుజైరా పోర్టులో సుమారు 255 మి.మీ. వాన కురిసి ఫుజైరా, కల్బా వీధులు చెరువులయ్యాయి. వేడిగా ఉన్న బేరింగు చల్లని నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి సీలు పక్కనుంచి బురదనీటిని లాక్కోగలదు. బయట తుడిచి ఆరబెట్టిన కారులో ఆ బురద మాత్రం లోపలే ఉండిపోతుంది.

"ఇప్పటి బెల్టులు లక్ష కిలోమీటర్లు పైగా మన్నుతాయి కదా" అనే అభ్యంతరం నిజమే. ఈపీడీఎం రబ్బరు వచ్చాక బెల్టులు పగుళ్లు పట్టడం దాదాపు మానేశాయి. నా వాదనకు బలం ఇక్కడే ఉంది. పాత నియోప్రీన్ బెల్టు పగిలి ప్రమాదం చెప్పేది. కొత్తది లోపల గాళ్లు మెల్లగా అరిగి లోతు పెరిగినా పైకి నున్నగానే కనిపిస్తుంది. చూపుతో తేలనప్పుడు అనుమానం టెన్షనర్ మీదకు మళ్లించాలి. "టెన్షనర్ ధర ఎక్కువ, పనిచేస్తోంది కదా, ఎందుకు మార్చాలి?" అనేది రెండోది. ధర ఎక్కువే, కానీ చాలా ఇంజన్లలో నీటి పంపును తిప్పేదీ ఈ బెల్టే. అది తెగితే కొండ రోడ్డు మీద ఇంజన్ వేడెక్కుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్యాటరీ దీపం వెలుగుతుంది. పాడైన ఇంజన్ హెడ్ బిల్లు ముందు టెన్షనర్ బిల్లు చిన్నది. ప్రతి బెల్టుకూ కళ్లు మూసుకుని కొత్త టెన్షనర్ వేయమని నేను అనడం లేదు, పరీక్షించి తేల్చమంటున్నాను. బెల్టు విప్పాక పుల్లీని చేత్తో తిప్పితే గరగరమన్నా, ఊగినా బేరింగు పోయినట్టే. ఇంజన్ నడుస్తుండగా పుల్లీని మోసే టెన్షనర్ చేయి పైకీ కిందికీ ఎగురుతుంటే డ్యాంపర్ పోయింది. చేయి మీద గుర్తు పరిమితి గీతను దాటితే స్ప్రింగు చివరికొచ్చింది. కీచు వచ్చేటప్పుడు దూరం నుంచి గాళ్ల వైపు కొంచెం నీళ్లు చల్లి చూడండి: చప్పుడు తగ్గితే పుల్లీల వరుస తప్పు, పెరిగితే బిగువు తక్కువ. మార్కెట్లో దొరికే బెల్టు స్ప్రేలు మాత్రం వద్దు, అవి చప్పుడును దాచి ధూళిని అంటించుకుంటాయి.

మార్చే పని కష్టం కాదు, తొందరపడితేనే ప్రమాదం. ఇంజన్ చల్లారనిచ్చి, తాళంచెవి తీసి, బ్యాటరీ తీగ విప్పి, బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎటు తిరిగిందో ముందే ఫోటో తీసుకోవాలి. టెన్షనర్‌కు ఉన్న చదరపు గుంటలో పొడవాటి పిడి దూర్చి టెన్షనర్ చేతిని వెనక్కు తిప్పితే బెల్టు వదులవుతుంది. కొన్ని పుల్లీ బోల్టులు ఎడమవైపు మరతో ఉంటాయి కాబట్టి బలం వాడే ముందు మాన్యువల్ చూడాలి. కొత్తది పెట్టేటప్పుడు వెనక ఉండే పిన్ను దాని రంధ్రంలో కూర్చుందో లేదో చూసి, బోల్టును టార్క్ రెంచితో చెప్పిన మేరకే బిగించాలి. పుల్లీల గాళ్లలో బెల్టు ప్రతి గీతా సరిగ్గా దిగిందని వెలుతురులో చూసిన తర్వాతే ఇంజన్ స్టార్ట్ చేయాలి. కల్బాలోనో ఫుజైరాలోనో కారు నడిపే తెలుగువాళ్లకు నా విన్నపం ఒక్కటే. ఈసారి సనయ్యా (పారిశ్రామిక వాడ) గ్యారేజీలో బెల్టు మార్పించేటప్పుడు పక్కన నిలబడి పుల్లీని చేత్తో తిప్పి చూపించమనండి.