ఆస్ట్రేలియా వేసవి ముచ్చట్లు

మన పల్లెలలో ధనుర్మాసపు మంచు కురియుచుండగా, ముంగిళ్లలో ముగ్గులు తీర్చుచుండగా, ఆస్ట్రేలియాలో ఎండలు మండిపోవుచుండును. భూమి తన యిరుసుపై ఒకింత వాలియుండుటచే, మనకు చలికాలమైనపుడు దక్షిణార్ధగోళమునకు వేసవి యగును. డిసెంబరు 22 ప్రాంతమున సూర్యుడు మకరరేఖకు నిట్టనిలువుగా వచ్చును. ఆ మకరరేఖ ఆస్ట్రేలియా ఖండమునకు అడ్డముగా పోవుచున్నది. కావుననే అచ్చటివారికి క్రిస్మసు వేసవి పండుగ. నూతన సంవత్సరాది నడివేసవి దినము. పాఠశాలలు డిసెంబరులో మూసి, జనవరి చివరనో ఫిబ్రవరి మొదటనో తిరిగి తెరతురు. పండుగలు, సెలవులు, ఎండలు మూడును కలసివచ్చు ఈ కాలమున అచ్చటి సామాన్య గృహస్థులు ఎట్లు గడుపుదురు, నలుగురు చేరినచోట ఏమి మాటలాడుకొందురు అను విషయమును ఇచ్చట వివరింపదలచితిమి. పైకి కాలక్షేపపు కబుర్లవలె వినిపించు ఆ మాటలలో ప్రాణములను కాపాడు వార్తలు కలసియుండుట రేడియోలో పనిచేయు మాకు విశేషముగా తోచినది.

ఆస్ట్రేలియా విస్తీర్ణమున మన దేశమునకు రెండింతలకు మించినది. జనసంఖ్య మాత్రము మూడుకోట్లకు లోపు. ఖండము నడిభాగము ఎడారిప్రాయము. కనుక పదిమందిలో ఎనిమిదిమందికి పైగా సముద్రతీరమునకు 50 కిలోమీటర్ల లోపలనే కాపురముందురు. సెలవులు రాగానే వారి చూపు సముద్రమువైపే పోవును. క్రిస్మసు మరునాటినుండి కార్లపై పడవలు, గుడారములు కట్టుకొని కుటుంబములు తీరగ్రామములకు తరలును. ఏటేట ఒకే చోట, ఒకే చెట్టుక్రింద గుడారము వేయువారు ఎందరో కలరు. ఆ ప్రక్క గుడారమువారు క్రమముగా బంధువులవంటివారగుదురు. ఊరిలో మిగిలినవారు పెరటిలో నిప్పులపైనో గ్యాసు పొయ్యిపైనో మాంసము, చేపలు, కూరగాయలు కాల్చుకొని మిత్రులతో భుజింతురు. దీనినే బార్బెక్యూ అందురు. ముద్దుగా 'బార్బీ' అని పిలుతురు.

ఈ విందులకు పిలుచునపుడు 'ఒక ప్లేటు తీసికొనిరండు' అని చెప్పుట అచ్చటి వాడుక. క్రొత్తగా ఆ దేశమునకు వచ్చినవారు, పాపము, గృహస్థు ఇంట పళ్లెములు చాలవేమో యని ఖాళీ ప్లేటును పట్టుకొనిపోయి నవ్వులపాలైన కథలు అనేకము ప్రచారములో నున్నవి. ఆ మాటకు అర్థము వేరు. అందరితో పంచుకొనుటకు ఇంటిలో వండిన వంటకమొకటి తెమ్మని భావము. విందుభారము ఒక్క గృహిణిపై పడకుండుటకు ఏర్పడిన మంచి పద్ధతి యిది. మాటలను కుదించి పలుకుటయందు ఆస్ట్రేలియనులు మిక్కిలి ప్రీతిగలవారు. ఆఫ్టర్‌నూన్ వారినోట 'ఆర్వో' యగును. మస్కిటో 'మోజీ' యగును. మంటలార్పు ఫైర్ ఫైటరు 'ఫైరీ' యగును. కటువైన పదములు కూడ ఇట్లు మచ్చికైన పేర్లుగా మారిపోవును.

వేసవి సంభాషణలో అగ్రస్థానము క్రికెట్టుది. క్రిస్మసు మరునాడు, డిసెంబరు 26, బాక్సింగ్ డే. ముష్టియుద్ధముతో దీనికి సంబంధమేమియు లేదు. పూర్వము బ్రిటనులో పనివారికి పెట్టెలలో కానుకలిచ్చు ఆచారమునుండి ఆ పేరు వచ్చినదందురు. ఆనాడు మెల్‌బోర్న్ నగరమున, సుమారు లక్షమంది పట్టు మైదానమున టెస్టు పోటీ ప్రారంభమగును. 1980 నుండి దాదాపు ప్రతి సంవత్సరము ఇట్లు జరుగుచున్నది. అదే దినమున సిడ్నీ రేవునుండి హోబర్టు నగరమునకు తెరచాప పడవల పందెము బయలుదేరును; ఇది 1945లో ఆరంభమైనది. పెరటిలో రేడియో ఒకప్రక్క మ్రోగుచుండగా, విందు మరియొకప్రక్క సాగుచుండును. ఈ వేసవి పోటీలలో మన తెలుగునాటి ఆటగాండ్ర పేర్లు కూడ ఆ ముచ్చట్లలోనికి ప్రవేశించినవి. 1968 జనవరిలో హైదరాబాదు ఆటగాడు జయసింహ బ్రిస్బేనులో 74, 101 పరుగులు చేసెను. 2000 జనవరిలో లక్ష్మణ్ సిడ్నీలో 167 పరుగులు చేసెను. 2024 డిసెంబరులో విశాఖపట్టణపు యువకుడు నితీశ్‌కుమార్ రెడ్డి మెల్‌బోర్న్ బాక్సింగ్ డే టెస్టులో 114 పరుగులు సాధించెను.

క్రికెట్టుకును రేడియోకును గల చెలిమి ఆ దేశమున చాల పాతది. 1938లో ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండులో ఆడుచుండగా, అచ్చటినుండి వచ్చు తంతివార్తలను పట్టుకొని సిడ్నీ స్టూడియోలోని వ్యాఖ్యాతలు ఆటను కన్నులార చూచుచున్నట్లే వర్ణించిరి. బంతి బ్యాటునకు తగులు చప్పుడుకొరకు పెన్సిలుతో కొయ్యముక్కపై కొట్టెడివారు. జనుల కరతాళధ్వనులు గ్రామఫోను రికార్డులనుండి వచ్చెడివి. దేశమంతయు రాత్రివేళ మేల్కొని వినెను. రేడియో చెప్పు మాటను చెవియొగ్గి వినుట అనెడి అలవాటు అట్లు ప్రతి ఇంట నాటుకొన్నది. ఆ అలవాటు విలువ యెట్టిదో ముందు చెప్పబోవు విషయమువలన తెలియగలదు.

క్రికెట్టు తరువాతి ముచ్చట సముద్రము. 'ఈనాడు నీరెట్లున్నది?' అని ప్రశ్నించుకొనుట అచ్చట కుశలప్రశ్నవంటిది. తీరమున ఎరుపు పసుపు రంగుల జెండాలు రెండు నాటియుండును. ఆ రెండింటి నడుమనే స్నానమాడవలెను. అచ్చట కాపలాదారులు కనిపెట్టియుందురు. సిడ్నీలోని బోండై తీరమున 1907లో ఏర్పడిన ప్రాణరక్షక సంఘము ఇట్టి తొలి సంఘములలో ఒకటి. వీరిలో అధికులు జీతము పుచ్చుకొనని స్వచ్ఛంద సేవకులు. 1938 ఫిబ్రవరి 6వ తేదీ ఆదివారమున పెద్ద అలలు వరుసగా వచ్చి బోండైలో వందలాది జనులను లోనికి లాగివేయగా, ఈ సేవకులు సుమారు 250 మందిని ఒడ్డునకు చేర్చిరి. అయిదుగురు మాత్రము మరణించిరి.

అలలు ఒడ్డునకు తెచ్చిన నీరు ఏదో ఒక త్రోవను తిరిగి లోనికి పోవలెను గదా! ఇసుకతిన్నెల నడుమ లోతైన కాలువవంటి చోట అది వడిగా వెనుకకు పారును. అచ్చట అలలు విరుగవు. నీరు నల్లగా, ప్రశాంతముగా కనిపించును. తెలియనివారు అదియే క్షేమమని దిగుదురు. ఆ ప్రవాహమునకు ఎదురీదినవారు అలసి మునిగిపోవుదురు. భయపడక తేలియుండి, చేయెత్తి సహాయము కోరవలెను. ఈదగలిగినచో ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈదవలెను. అచ్చటి పిల్లలు బాల్యముననే నేర్చు పాఠమిది. మన విశాఖ తీరమునను ఇట్టి ప్రవాహములే ఉన్నవి గనుక, ఈ నాలుగు మాటలు మనకును ఉపయోగించును.

జనవరి చివరికి మరియొక చర్చ వచ్చును. 1788 జనవరి 26న బ్రిటిషు నౌకలవారు సిడ్నీ తీరమున దిగి జెండా నాటిరి. ఆ దినము జాతీయ దినోత్సవము. కాని వేలకొలది తరములుగా ఆ నేలపై జీవించుచున్న ఆదిమవాసులకు అది తమ భూములు పోయిన దినము. 1938లో వారు దానిని సంతాపదినముగా పాటించి సభ జరిపిరి. ఉత్సవము చేయవలెనా, తేదీ మార్చవలెనా అని విందులలో మిత్రులు నేటికిని వాదించుకొందురు.

ఇంతవరకు చెప్పినవి విశ్రాంతి వేళల ముచ్చట్లు. కాని సంభాషణ నడుమ ఎవరో ఒకరు ఆకాశమువైపు చూచి 'గాలి యెటునుండి వీచుచున్నది?' అని అడుగుదురు. అప్పుడు అందరును ఒక్కక్షణము మౌనము వహింతురు. ఆగ్నేయ రాష్ట్రములలో వేసవి ఉత్తరపుగాలి ఎడారిమీదుగా వచ్చును, అది వడగాలి. అడవులలో నిండియున్నవి యూకలిప్టసు జాతి వృక్షములు. మనము జామాయిలు చెట్లనునవి ఆ కోవకు చెందినవే. వాని ఆకులలో తైలముండును. ఎండిన బెరడు పీలికలు నిప్పంటుకొని గాలిలో ఎగిరి, మంటకు కిలోమీటర్ల ముందు పడి క్రొత్త మంటలను లేపును. ఇండ్లు కాలుట పెక్కుమార్లు మంట తాకుటవలన గాక, ఈ నిప్పురవ్వలు చూరుకాలువలలోని ఎండుటాకులపై పడుటవలన జరుగును. 'చూరుకాలువలు శుభ్రము చేసితిరా?' అని పొరుగువారు అడుగుట పరిహాసము కాదు.

సాయంకాలమునకు నైరుతినుండి చల్లనిగాలి వచ్చును. ఎండకు వేగినవారు దానికై ఎదురుచూతురు. కాని అడవి మండుచున్నపుడు ఈ చల్లనిగాలియే మృత్యువగును. పొడవుగా పోవుచున్న మంట, గాలి తిరుగగానే, తన ప్రక్కభాగమంతయు ముఖముగా చేసికొని మరియొక దిక్కునకు దూకును. 2009 ఫిబ్రవరి 7న మెల్‌బోర్న్‌లో ఉష్ణోగ్రత 46.4 డిగ్రీలకు చేరెను. ఆనాటి కార్చిచ్చులలో 173 మంది మరణించిరి. అంతకుముందు 1939 జనవరిలో విక్టోరియా రాష్ట్రమున 71 మంది, 1983 ఫిబ్రవరి 16న విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియాలలో 75 మంది బలియైరి. 2019-20 వేసవిలో మంటలు నెలల తరబడి సాగి, 33 మందిని, మూడువేలకు పైగా ఇండ్లను పొట్టనబెట్టుకొన్నవి.

ఇట్టి దినములలో రేడియో పాత్ర గొప్పది. 1932 జూలై 1న ప్రసారములారంభించిన ఆస్ట్రేలియా జాతీయ ప్రసార సంస్థ నేడు అత్యవసర ప్రసారములకు ముఖ్యమైన ఆధారము. మంటలు చెలరేగగానే దాని ప్రాంతీయ కేంద్రములు మామూలు కార్యక్రమములను నిలిపి, హెచ్చరికలను ఊళ్లపేర్లతో సహా పదేపదే చదువును. హెచ్చరికలు మూడు మెట్లు. మొదటిది, సమాచారము తెలిసికొనుచుండుమని; రెండవది, పరిస్థితి మారుచున్నది, ఇపుడే కదలుమని; మూడవది, ప్రాణాపాయము సంభవించినదని. మూడవ మెట్టునకు ముందు సైరను ధ్వని వినిపించుటయు కలదు. ఒక్కొక్కప్పుడు 'బయలుదేరుటకు వేళ మించినది. ఉన్నచోటనే తలదాచుకొనుడు' అని చెప్పవలసివచ్చును. ఆ వాక్యమును చదువు ప్రసారకుని కంఠము వణకరాదు. మాటలు నిదానముగా, స్పష్టముగా ఉండవలెను. ఏలయన పొగ నిండిన గదిలో ఎవరో దానిని వినుచుందురు.

సెల్‌ఫోనులున్న ఈ కాలమున రేడియో ఎందుకని సందేహము కలుగవచ్చును. మంటలలో విద్యుత్తు స్తంభములు కూలును. కరెంటు పోయిన కొంతసేపటికి ఫోను గోపురములును మూగపోవును. అపుడు మిగులునది బ్యాటరీ రేడియో. 2019 డిసెంబరు 31న మల్లకూట అను తీరగ్రామమును మంటలు చుట్టుముట్టగా, సెలవులకు వచ్చినవారితో కలిపి సుమారు నాలుగువేలమంది దారి లేక చిక్కుకొనిరి. అనేకులు నీటియొడ్డున చేరిరి. పగలే ఆకాశము చీకటియై, పిదప ఎఱ్ఱబారెను. కొలదిదినములకు నౌకాదళపు ఓడ వచ్చి సుమారు వెయ్యిమందిని తరలించెను. అందుచేతనే ప్రతి కుటుంబము సెలవులకు పోవునపుడు సామానులో బ్యాటరీ రేడియోను పెట్టుకొనవలెనని అధికారులు నేటికిని బోధించుచున్నారు.

మెల్‌బోర్న్, సిడ్నీ మొదలగు నగరములలో నేడు తెలుగు కుటుంబములు వేలకొలదిగా ఉన్నవి. అచ్చటి బహుభాషా ప్రసార సంస్థ తెలుగులోను కార్యక్రమములు నడుపుచున్నది. తమ పిల్లలు అచ్చట స్థిరపడిన తల్లిదండ్రులు ఫోనులో మాటలాడునపుడు 'భోజనమైనదా?' అను ప్రశ్నతోపాటు, వేసవిలో 'గాలి యెట్లున్నది? మీ ప్రాంతమునకు హెచ్చరిక ఏమైన ఉన్నదా?' అని కూడ అడుగుట మంచిది.

ఈ విషయము మనకు బొత్తిగా క్రొత్తది కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాదిజనులు గతించిరి. తీరవాసులు వాయుగుండపు వార్తను ఎంత శ్రద్ధగా వినవలెనో ఆ దినము నేర్పినది. వారికి నిప్పు, మనకు నీరు. రెండుచోట్లను జరుగవలసినది ఒక్కటే: రేడియో చెప్పిన మాట అరుగుమీద కూర్చున్నవారి నోట పొరుగింటికి, అచ్చటినుండి వీధిచివరి వృద్ధురాలికి చేరవలెను. హెచ్చరికను పంపుట ప్రసారకుల పని. దానిని గడపగడపకు చేర్చుట ఇరుగుపొరుగుల ముచ్చట్ల పని.