దోషము యంత్రానిదా, తీగెదా?

రాస్ప్‌బెర్రీ పై అరచేతిలో ఇమిడే కంప్యూటరు. 2012లో బ్రిటన్‌లో వెలువడినది. దానితో పనిచేస్తూండగా ఒక్కొక్కప్పుడు తెరమీద మెరుపు గుర్తు కనబడి, యంత్రము తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుంది. యంత్రము చెడినదని తలచరాదు. ముందుగా కరెంటు తెచ్చే తీగెను అనుమానించవలెను.

2019లో వచ్చిన నాలుగవ నమూనాను తీసుకొందాము. దాని అడాప్టరు 5.1 వోల్టులు ఇస్తుంది. తీగెకు రానుపోను నిరోధము 0.25 ఓము, ప్రవాహము 2 ఆంపియర్లు అనుకొందాము. ఓము సూత్రము ప్రకారము తీగెలోనే 0.5 వోల్టు తరిగిపోతుంది. యంత్రానికి అందేది 4.6 వోల్టులే. సుమారు 4.63కు తగ్గగానే మెరుపు గుర్తు హెచ్చరిస్తుంది. అశ్రద్ధ చేస్తే మెమరీకార్డులో దాచుకొన్న ప్రయోగ ఫలితాలు పాడుకావచ్చును.

కనుక పొట్టిదీ, లావుదీ అయిన తీగెను తగిలించి చూడండి. గుర్తు మాయమైతే దోషము తీగెదే. అప్పటికీ మానకుంటే యంత్రానికి తగిలించిన పరికరాలను ఒక్కొక్కటే తీసివేసి, చివరకు అడాప్టరును మార్చి చూడవలెను.