దోషవార్తలకు వేరొక వాకిలి

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, బెల్ పరిశోధనాలయమున, 1970ల దశకమున ఒక వింత జరిగినది. యునిక్స్ వ్యవస్థను నిర్మించుచున్న పండితులు తమ వ్రాతలను ఫొటో అక్షర యంత్రముచే కూర్పించుకొనుచుండిరి. కాగితమును దుర్గంధపు రసాయన యంత్రములోనికి పంపి, కొన్ని నిమిషములు వేచియుండగా, వ్రాతకు బదులు ఫలానా దస్త్రము తెరచుకొనలేదను ఒకే పంక్తి బహుసుందరముగ అచ్చుపడి వచ్చెనట! ఒకే మధ్యాహ్నము పలువురి కిట్లే జరిగినదని వారిలో నొకరగు స్టీఫెన్ జాన్సన్ చెప్పియున్నారు. వారి సణుగుడు వినవలసినవారి చెవిని బడినది. రెండు మూడు దినములలో దోషవార్తలకు ప్రత్యేక మార్గ మేర్పడినది.

ఆ మార్గము నేటికిని ఉన్నది. మనము వ్రాసి యిచ్చు ఆజ్ఞలను గ్రహించి కంప్యూటరుచే నెరవేర్పించునది షెల్. ఆజ్ఞలను వరుసగా వ్రాసియుంచిన దస్త్రము షెల్ స్క్రిప్టు. ప్రతి ఆజ్ఞకును మూడు వాకిళ్లు: లోనికి వచ్చుదానికి 0, ఫలితమునకు 1, దోషమునకు 2.

ఇంటి ఫొటోలను రాత్రివేళ వేరొక డిస్కునకు నకలు తీయు స్క్రిప్టు మా శ్రోతలలో ఒకరికి ఉన్నదనుకొందము. ఆ డిస్కు నిండినచో ఆ వార్త ఎవరును చూడని తెరపై కనబడి పోవును. అసలు డిస్కు చెడిననాడు గాని నకలు లేదని తెలియదు; పెద్దల చిత్రములు మరి రావు. కావున 2 అంకె ప్రక్కన >> గుర్తు నుంచి చిట్టా పేరు వ్రాయవలెను. ఒక్క > గుర్తు పాత చిట్టాను తుడిచివేయును. పని ఆరంభమున డేట్ ఆజ్ఞచే తేదీని, వేళను చేర్పించుట మేలు.

ఫలితమును, దోషమును ఒకేచోటికి పంపదలచినచో వరుస ముఖ్యము. షెల్ ఎడమనుండి కుడికి చదువును. ముందు 1ని చిట్టాకు మళ్లించి, పిదప 2>&1 అని వ్రాయవలెను. తారుమారైనచో దోషములు తెరకే పోవును. అనుభవజ్ఞులును ఇచట తడబడుట మేమెరుగుదుము.

చిట్టా పెరిగినపుడు ఏ దోషము ఎన్ని మారులు వచ్చినదో లెక్క కావలెను. బాష్ అను షెల్లులో 2009 నాటి 4.0 కూర్పునుండి ఇందులకు తగిన పట్టిక కలదు. కిరాణా కొట్టులోని ఖాతా పుస్తకమువలె పేరు చెప్పినచో పద్దు దొరకును. డిక్లేర్ ఆజ్ఞకు పెద్ద అక్షరపు ‘ఏ’ చేర్చి దానిని ప్రకటింపవలెను. చిన్న అక్షరమైనచో అంకెల వరుస పట్టిక మాత్రమే వచ్చును. చిట్టాలోని పంక్తుల నొక్కొక్కటిగా చదివించుచు ఆ దోషము పేరిటి పద్దునకు 1 కలుపుచు పోవుటయే పని. అయితే చిట్టాను పైపు గుర్తు ద్వారా ఆ చదువు ఆవృత్తికి అందించినచో, బాష్ దానిని సాధారణముగ వేరొక ఉపషెల్లున నడుపును. పని ముగియగానే లెక్క యంతయు దానితోనే పోవును. ఆవృత్తి చివర < గుర్తు నుంచి చిట్టాను నేరుగా అందించినచో పద్దులు నిలుచును.