పైథాను భాషలోఁ దెలుఁగు ఫైళ్లను దెఱచుట

గ్రంథప్రతులను గంప్యూటరున నెక్కించి, పైథాను భాషాసహాయమునఁ బదసూచికలను గూర్చుకొనఁదలఁచు పండితునకు మొదట నెదురగు చిక్కు వ్యాకరణమునకు సంబంధించినది కాదు; ఫైలును దెఱచుటయందే యది కలుగును. ఈ భాషను గ్వీడో వాన్ రోసమ్ 1991లో వెలువరించెను.

యూటీఎఫ్-8 పద్ధతిలోఁ బ్రతి తెలుఁగు చిహ్నమును మూఁడు బైట్లుగా నుండును. మన మొక యక్షరముగా నెంచు "శ్రీ" యంత్రమునకు శకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము అని నాలుగు చిహ్నములు, పండ్రెండు బైట్లు. పొల్లు మాత్రమే 224, 177, 141 అను మూఁడు సంఖ్యలు.

పైథాను 3.14 వఱకుఁ గల కూర్పులలో ఎన్కోడింగు పేరు చెప్పక ఫైలును దెఱచినచో, ఇంగ్లీషు అమరిక గల విండోసు యంత్రమున సాధారణముగాఁ బాశ్చాత్యలిపులకై యేర్పడిన 1252 అను పట్టికతోఁ జదువఁబడును. ఆ పట్టికలో 129, 141, 143, 144, 157 అను నైదు స్థానములు శూన్యములు. తెలుఁగున వీనిపైఁ బడునవి కొమ్ము, పొల్లు, అరసున్న, పదాదియందలి ఏ, ఐ, మఱియు ఝకారము. "రామ" యని మాత్రమున్న ఫైలు దోషము చూపకయే పిచ్చిగుర్తులుగా వచ్చును. "రాముఁడు" అన్నచోఁ జదువు నాఁగిపోవును. డుమువులన్నింటను గొమ్మే కదా! ప్రథమావిభక్తియే యీ పట్టికకు సరిపడదు.

తెఱచునపుడే ఎన్కోడింగు యూటీఎఫ్-8 అని స్పష్టముగాఁ జెప్పుటయే దీనికిఁ బరిహారము. కొందఱట్లు చేయక, దోషములను విడిచిపెట్టుమను "ఇగ్నోర్" అను మాటను జేర్చుదురు. యంత్రము మాటాడకుండును గాని పాఠము చెడును. మూఁడవ బైటు జాఱిపోఁగా మిగిలినది కొమ్మో పొల్లో తెలియదు. అరసున్నకును ఏకారమునకును భేదముండదు. పిచ్చిగుర్తులను మరల సరిచేయవచ్చును, జాఱిన బైటును దేలేము. లేఖకప్రమాదములలో నింతటిది యరుదు.

వ్రాయుటకై "డబ్ల్యూ" విధమునఁ దెఱచినచో, ఒక్క యక్షరమును వ్రాయకమునుపే పాత ఫైలు తుడిచివేయఁబడును. మూలప్రతి గల చోట "ఎక్స్" విధమును వాడుట మేలు. ఆ పేరుతో ఫైలున్నచో నది నిరాకరించును.

ఇఁక మాడ్యూళ్ల మాట. వర్డు పత్రములను జదువుటకుఁ గావలసినదానిని స్థాపించునపుడు దాని పేరు "పైథాన్-డాక్స్". ప్రోగ్రాములోఁ బిలుచునపుడు "డాక్స్" మాత్రమే. పేరు సరియైనను మాడ్యూలు కనఁబడలేదని వచ్చినచో, యంత్రమున రెండు పైథానులుండి, పిప్ వేఱొకదానికిఁ జేర్చియుండవచ్చును. "పైథాన్", "హైఫన్-ఎమ్", "పిప్", "ఇన్‌స్టాల్" అను వరుసతో, ప్రోగ్రామును నడపు పైథాను ద్వారముననే స్థాపింపవలెను. అప్పటికిని జిక్కు తీఱనిచోఁ దమ ప్రోగ్రామునకే "డాక్స్" అని పేరు పెట్టిరేమో చూచుకొనవలెను. పైథాను మొదట వెదకునది ప్రోగ్రామున్న సంచినే గనుక, స్థాపించినదానిని విడిచి యా పేరింటి ఫైలునే తెచ్చుకొనును. దాని పేరు మార్చినఁ జాలును.