మార్గదర్శి వెంట మూడు నగరములు

ఉజ్బెకిస్తాను చూడబోవు యాత్రిక బృందములకు చాలకాలముగా ఒకే దారి ఏర్పడియున్నది. తాష్కెంటులో విమానము దిగుట, అచ్చటినుండి సమర్‌కందు, బుఖారా, ఖీవా నగరములను వరుసగా చూచుట, తిరిగివచ్చుట. ఎనిమిది పది దినములలో ముగియు ఈ ప్రయాణమున కొండలు, నదీలోయలు, ఎఱ్ఱని యిసుక యెడారి, ప్రత్తిచేలు అన్నియు కన్నులబడును. వెంట ఒక మార్గదర్శి యుండును. ఏ గుమ్మటము నెవరు కట్టించిరో, ఏ మినారు ఎత్తెంతయో, ఏ రాణి నెవరు వలచిరో అతడు గుక్క తిప్పుకొనక చెప్పుచుండును. భాష రాని దేశములో యాత్రికునకు అతడే చెవి, అతడే నోరు. అందుచేతనే అతడు చెప్పునదేమి, చెప్పక విడుచునదేమి అను విచారణ, విద్యార్థులను యాత్రలకు కొనిపోవు ఉపాధ్యాయులకు మిక్కిలి అవసరము.

తాష్కెంటు పేరు భారతీయులకు క్రొత్తది కాదు. 1966 జనవరి 10వ తేదీన భారత పాకిస్తానుల నడుమ ఒడంబడిక కుదిరినది ఇచ్చటనే; ఆ రాత్రి తెల్లవారకముందే, 11వ తేదీన, ప్రధానమంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి కన్నుమూసినదియు ఇచ్చటనే. ఆయన పేర ఒక వీధియు, ఆయన విగ్రహమును నగరములో నున్నవి. ఆ యేడే ఏప్రిల్ 26న వచ్చిన భూకంపము పాత తాష్కెంటును చాలవఱకు నేలమట్టము చేసినది. నేటి విశాలమైన వీధులును, చెట్ల బారులును అటుతరువాతివి. నగరమధ్యమున ఒకప్పుడు కార్ల్ మార్క్సు విగ్రహముండిన తోటలో 1993 నుండి గుఱ్ఱమునెక్కిన తైమూరు నిలిచియున్నాడు. 1991లో స్వతంత్రమైన దేశము తనకొక మూలపురుషుని వెదకికొని ఆతని నెన్నుకొన్నది. ఈ యెన్నికను మనస్సున నుంచుకొనినగాని సమర్‌కందులో వినవచ్చు కథలు సరిగా అర్థము కావు.

తాష్కెంటునుండి సమర్‌కందునకు 2011 నుండి వేగపు రైలు నడచుచున్నది. రెండు గంటలకు కొంచెము పైబడిన ప్రయాణము. ఆ రైలు పేరు అఫ్రాసియాబ్. ఇది ఒక మట్టిదిబ్బ పేరు. 1220లో చెంగిజుఖాను సేనలు నాశనము చేసిన ప్రాచీన సమర్‌కందు ఆ దిబ్బ క్రింద నున్నది. అచ్చట 1965లో దారి వేయుచుండగా ఏడవ శతాబ్దపు కుడ్యచిత్రములు బయల్పడినవి. సోగ్దు రాజు కడకు నానాదేశముల రాయబారులు కానుకలతో వచ్చుట అందు చిత్రింపబడినది. తూర్పు గోడ మీది దృశ్యములు భారతదేశమునకు సంబంధించినవని పలువురు పండితుల అభిప్రాయము. రంగులు వెలిసి, సగము చెదరిన ఆ గోడల యెదుట యాత్రిక బృందములు తఱచుగా ఎక్కువసేపు నిలువవు. నీలి గుమ్మటములు పిలుచుచుండును.

రిగిస్తాను అనగా ఇసుకచోటు. ఆ చౌకమునకు మూడు దిక్కుల మూడు మదరసాలు. ఉలుగ్ బేగు కట్టించినది 1417-1420 నాటిది. దాని ముఖద్వారము నిండ నక్షత్రముల కూర్పే. ఎదుటనున్న షేర్‌దార్ 1619-1636 నడుమను, రెండింటి నడుమనున్న తిల్లాకారి 1646-1660 నడుమను లేచినవి. షేర్‌దార్ ద్వారము మీద జింకను తరుముచున్న మృగరాజులును, వాని వీపున మనుష్యముఖము గల సూర్యబింబములును ఉన్నవి. మతకట్టడముల మీద ప్రాణిరూపములు వ్రాయని సంప్రదాయమున నిది వింత. మార్గదర్శులు దీనిని తప్పక చూపుదురు. కాని తిల్లాకారి మీది నీలి గుమ్మటము సోవియెట్ కాలపు పునరుద్ధరణలో వెలసినదనియు, ఉలుగ్ బేగు మదరసా మినారులలో ఒరిగిపోయిన యొకదానిని 1932లో యంత్రములతో నిలువబెట్టిరనియు అందఱును చెప్పరు. చెప్పినచో శోభ తగ్గునని భయము కాబోలు. నిజమునకు ఒరిగిన మినారును పడనీయక తిరిగి నిలుపుట కట్టినంతటి ఘనకార్యమే. విద్యార్థుల కది చెప్పిన, గుమ్మటముకంటె దానినే ఎక్కువ జ్ఞాపకముంచుకొందురు.

ఇక బీబీ ఖానం మసీదు. తైమూరు దండయాత్రకు పోయియుండగా రాణి ఈ మసీదును కట్టించినదట. శిల్పి ఆమెను మోహించి, ఒక్క ముద్దిచ్చినగాని పని పూర్తిచేయనన్నాడట. ఆ ముద్దు ఆమె చెంపపై మచ్చయై నిలిచెనట. తైమూరు తిరిగివచ్చి చూచెనట. ఈ కథ వినని యాత్రికుడు లేడు. చరిత్ర చెప్పునది వేఱు. మసీదును కట్టించినది తైమూరే. 1398 డిసెంబరులో ఢిల్లీని కొల్లగొట్టి, మరలివచ్చిన మఱుసటి యేడు, 1399లో, పని మొదలుపెట్టించెను. భారతదేశమునుండి తెచ్చిన 95 ఏనుగులు ఇచ్చట రాళ్లు లాగినవని తైమూరు వంశపు చరిత్రకారులు వ్రాసిరి. హిందూస్తానునుండి వచ్చిన రాతిపనివారు అనేకులిచ్చట పనిచేసిరని బాబరు తన స్వీయచరిత్రలో చెప్పుకొన్నాడు. ఆ పనివారు ఇష్టపడి పోయినవారు కారు. ఢిల్లీ యుద్ధమునకు ముందు చేజిక్కిన బందీలను తైమూరు వధింపించెనని వ్రాసినవారును ఆతని పక్షపు రచయితలే.

భారతీయ యాత్రికుని మనస్సు ఇచ్చట కొంత కలత చెందుట సహజము. తాష్కెంటు తోటలోని వీరుడును, ఢిల్లీ వీధులలోని దండయాత్రికుడును ఒక్కడే. మార్గదర్శితో వాదమునకు దిగుట అతిథిధర్మము కాదు. అతడు తన దేశపు పాఠ్యపుస్తకము చెప్పినదే చెప్పుచున్నాడు. అయిన ఆ మసీదు ప్రాంగణములో, పేరు తెలియని హిందూస్తానీ రాతిపనివానిని తలచుకొనక ముద్దు కథ విని నవ్వి వచ్చుట తగదు. తొందరగా కట్టుట వలననో, మితిమీరిన పరిమాణము వలననో ఆ కట్టడము చిరకాలము నిలువలేదు. 1897 భూకంపములో మఱియు కూలినది. నేడు చూచునది చాలవఱకు ఇటీవలి శతాబ్దపు పునర్నిర్మాణము.

తైమూరు సమాధియగు గూర్-ఎ-అమీరు కడ మఱియొక కథ కాచుకొనియున్నది. 1941 జూనులో సోవియెట్ శాస్త్రజ్ఞులు ఆ సమాధిని తెఱచిరనియు, దాని శాపమున వెంటనే జూన్ 22న జర్మనీ దండెత్తెననియు చెప్పుదురు. తెఱచిన మాట నిజమే. గెరాసిమోవ్ అను శాస్త్రజ్ఞుడు ఆ యెముకలను పరీక్షించి, తైమూరు కుంటివాడను ప్రసిద్ధి సత్యమేనని తేల్చెను. ఇక శాపము మాట. రష్యా మీదికి పోవలెనని హిట్లరు ఆజ్ఞాపత్రము వ్రాసినది 1940 డిసెంబరు 18న. అప్పటికి సమాధి మూసియే యున్నది! ఈ రెండు తేదీలను నల్లబల్లపై వ్రాసి, పిల్లలనే తీర్పు చెప్పుమనుట మంచి పాఠము.

ఈ సమాధిలోనే తైమూరు మనుమడు ఉలుగ్ బేగు కూడ ఉన్నాడు. రాజ్యములు గెలిచినవాడు కాడు. ఉన్న రాజ్యమునే నిలుపుకొనలేనివాడు. కాని సమర్‌కందులో నొక్క చోటే చూచుటకు తీరిక యున్నచో పోవలసినది రిగిస్తానునకు కాదు, నగరము వెలుపలి గుట్ట మీద నున్న ఈతని వేధశాలకు. 1420ల నాటి ఆ మూడంతస్తుల కట్టడము ఎన్నడో కూలి మట్టిలో కలిసెను. 1908లో వ్యాత్కిన్ అను పురాతత్త్వజ్ఞుడు పాతపత్రముల సాయమున ఆ చోటు కనిపెట్టి త్రవ్వగా, కొండరాతిలోనికి దిగిపోవు పాలరాతి చాపము బయల్పడినది. దాదాపు 40 మీటర్ల వ్యాసార్ధము గల వృత్తములో నది యొక భాగము. సూర్యుడు మధ్యాహ్నరేఖను దాటునప్పుడు కిరణము ఆ చాపముపై ఎచ్చట పడినదో చూచి, కోణమును కొలిచెడివారు. దూరదర్శిని పుట్టుటకు దాదాపు రెండువందల యేండ్ల ముందటి మాట ఇది. కన్నును, రాతిని, ఓర్పును నమ్ముకొని 1018 నక్షత్రముల స్థానములతో 1437 నాటికి పట్టిక సిద్ధముచేసిరి. నాక్షత్ర సంవత్సరము 365 దినముల 6 గంటల 10 నిమిషముల 8 సెకండ్లని లెక్కగట్టిరి. నేటి లెక్కకును దానికిని తేడా ఒక్క నిమిషమునకు లోపు.

1449లో ఉలుగ్ బేగు స్వంత కొడుకు పన్నాగమున శిరచ్ఛేదమునకు గుఱియయ్యెను. 1941లో తెఱచి చూచినపుడు తల వేఱుగా నున్న అస్థిపంజరమే దానికి సాక్ష్యమైనది. ఆతని పట్టికలు మాత్రము చావలేదు. 18వ శతాబ్దమున సవాయి జయసింహుడు ఢిల్లీలోను, జయపురములోను యంత్రశాలలు కట్టించునపుడు వానిని ముందుంచుకొనెను. జయపురపు సమ్రాట్ యంత్రము క్రింద నిలిచి ఫొటో తీయించుకొని వచ్చిన తెలుగు విద్యార్థులు వేలకొలదిగ నుందురు. దాని పూర్వగాథ సమర్‌కందు గుట్ట మీద నున్నదని వారి కెవరైన చెప్పిరా? తైమూరు ఏనుగులను దక్షిణమునుండి లాగుకొనిపోయెను. మనుమని నక్షత్రములు తమంతట తామే దక్షిణమునకు వచ్చినవి.

దారిలో తైమూరు పుట్టిన సీమయగు షహ్రిసబ్జ్ కూడ కొందఱు చూతురు. యాత్రికుల సౌకర్యమునకై పాత వాడలను పడగొట్టి తోటలు వేయుటచే, 2016లో యునెస్కో దానిని ప్రమాదమున నున్న వారసత్వ స్థలముల జాబితాలో చేర్చినది. చూడవచ్చువారి కొఱకు చూడదగినదానినే తీసివేయుట విచిత్రము.

బుఖారాలో నీలిరంగు తక్కువ, మట్టిరంగు ఎక్కువ. అదియే దాని అందము. పదవ శతాబ్దపు సామానీ వంశీయుల సమాధి మందిరము చిన్నది, చతురస్రము. ఒక్కొక్క ప్రక్క పది మీటర్లంతటిది. రంగుపలక యొక్కటి లేదు. ఉత్త కాల్చిన ఇటుకనే అడ్డముగా, నిలువుగా, మూలగా పేర్చి, చాప అల్లినట్లు గోడలను అల్లిరి. ఎండ మారినకొలది గోడ మీది నీడల అల్లిక మారుచుండును. చిరకాలము చుట్టునున్న శ్మశానపు మట్టిలో చాలవఱకు పూడియుండుటచే నది బ్రదికినది. 1127 నాటి కల్యాన్ మినారు ఎత్తు దాదాపు 46 మీటర్లు. తలయెత్తి చూచుచుండగా టోపి జాఱిపడి, దాని కొఱకు వంగిన చెంగిజుఖాను, తనచే తలవంపించిన కట్టడమని దానిని విడిచెనట. కథ బాగున్నది, కథగానే.

బుఖారా నడిబొడ్డున మల్బరీ చెట్ల నీడలో లబీ హవుజు అను కొలను కలదు. గట్టున గాడిదనెక్కిన నస్రుద్దీను విగ్రహము. ఒకప్పుడు ఊరినిండ ఇట్టి హవుజులుండెడివి. వానిని పూడ్చి నగరశోభను చెఱచిరని కొందఱు వాపోవుదురు. కాని ఆ నీరు త్రాగినవారి కాళ్లనుండి మూరలకొలది పురుగు వెడలెడిది. అదియే నారికురుపు. తెలుగునాట దిగుడుబావుల నీరు త్రాగిన పల్లెల పెద్దలకు ఆ బాధ వివరింపనక్కఱలేదు. బుఖారాలో 1930ల నాటికే దానిని తుడిచివేసిరి. భారతదేశము దానినుండి విముక్తమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో ధ్రువీకరించినది. పాతదెల్ల బంగారమని పలుకు యాత్రాప్రసంగములకు ఈ కొలనుగట్టు మంచి విరుగుడు.

బుఖారానుండి ఖీవాకు దాదాపు 450 కిలోమీటర్లు, అందు చాలభాగము కిజిల్‌కుం అను ఎఱ్ఱయిసుక యెడారి. గంటలకొలది ముండ్లపొదలు తప్ప మఱేమియు కానరాదు. బృందములో సగము మంది నిద్రపోవుదురు. వారు మేల్కొనవలసినది అమూదరియా కనబడినపుడు. గ్రీకుల ఆక్సస్, సంస్కృతపు వంక్షువు ఇదియే. కాళిదాసు రఘువంశమున, ఉత్తరదిశకు మరలిన రఘుసేనల గుఱ్ఱములు ఒక నదీతీరమున పొర్లి బడలిక తీర్చుకొన్నవి. ఆ నది సింధువని తెలుగునాట మెదకు సీమవాడగు కోలాచల మల్లినాథసూరి పాఠము. వంక్షువని కాశ్మీర పండితుడు వల్లభదేవుని పాఠము. ఏది కవి హృదయమో పండితులింకను తేల్చుకొనలేదు. ఆ నది గట్టున నిలిచినవాడు మాత్రము వల్లభదేవుని వైపు కొంత మొగ్గక మానడు.

ఖీవాలో ఇచన్ కలా అను లోపలి కోట చుట్టుకొలత రెండు కిలోమీటర్లకు పైచిలుకు. పూర్తికాక బొద్దుగా నిలిచిపోయిన కల్తా మినారు, రెండువందలకు పైబడిన కొయ్యస్తంభముల జుమా మసీదు, అన్నియు నడకదూరములోనే యుండును. ఇంత చక్కగా తుడిచి పెట్టిన కోట యగుటచే మనుష్యులు వసించు ఊరికంటె ప్రదర్శనశాలవలె తోచును. 1873లో రష్యా సేనలు వచ్చువఱకు ఇచ్చట పారసీకులను, రష్యనులను బానిసలుగా అమ్మెడివారు. ఆ అంగడి ప్రసంగము త్వరగా ముగియును. అల్ ఖ్వారిజ్మీ విగ్రహము కడ బృందము నిలుచును. నిలువదగినదే. ఆతని గ్రంథనామములోని అల్‌జబ్ర్ అను మాటయే నేటి ఆల్జీబ్రా. భారతీయ అంకెలతో లెక్కించు పద్ధతిని పశ్చిమమునకు చేర్చిన గ్రంథకర్త యీతడే. ఈ ఖ్వారిజ్ము సీమలోనే 973లో అల్ బిరూనీ పుట్టెను. సంస్కృతము నేర్చి, 1030 ప్రాంతమున భారతీయుల శాస్త్రములను, ఆచారములను గూర్చి గ్రంథము వ్రాసెను. మన సంస్కృత 'జ్యా' శబ్దమే అరబ్బులో 'జీబా' యై, 'జైబ్' యని చదువబడి, లాటినులో 'సైనస్'గా అనువదింపబడినది. త్రికోణమితి మొదలుపెట్టు ఉపాధ్యాయునకు ఈ యొక్క మాట చాలును.

ఎక్కువ యాత్రలు ఖీవాతో ముగియును. కొలదిమంది మాత్రమే ఉత్తరమునకు, నుకూస్ మీదుగా, మొయ్‌నాకునకు పోవుదురు. అది ఒకప్పుడు రేవుపట్టణము. చేపలు డబ్బాలకెత్తు పెద్ద కర్మాగార ముండెడిది. నేడు ఆరల్ సముద్రపు నీరు నూఱు కిలోమీటర్లకు పైగా దూరమునకు పోయినది. ఇసుకలో తుప్పుపట్టిన పడవలు బారుగా నిలిచియున్నవి. 1960లో దాదాపు 68,000 చదరపు కిలోమీటర్లుండిన ఆ జలరాశిలో నేడు మిగిలినది పదవవంతు. దారిలో చూచిన పచ్చని ప్రత్తిచేలకు మళ్లించిన అమూదరియా, సిర్‌దరియా నీరే ఈ సముద్రపు నీరు. ఆ చేలలో ప్రత్తి యేఱుటకై ఏటేట శరత్తున బడులు మూసి, ఉపాధ్యాయులను, విద్యార్థులను తోలుకొనిపోవు పద్ధతి సోవియెట్ కాలమునుండి స్వతంత్రము వచ్చిన పిదప కూడ చిరకాలము సాగినది. 2021 పంటకాలమునాటికి ఈ నిర్బంధము క్రమబద్ధమైన రూపమున అంతరించినదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో ప్రకటించినది. నేడు బుఖారాలో, ఖీవాలో యాత్రికుల ముందు నడచుచున్న మార్గదర్శులలో విద్యార్థిదశలో ప్రత్తి యేఱినవారు చాలమంది ఉందురు. ఎవరైన అడిగినగాని చెప్పరు. మొయ్‌నాకు దాటిన పిదప, ఎండిన సముద్రగర్భమున ఉప్పుదుమ్ము లేవకుండుటకై 2018 నుండి సక్సౌల్ అను ఎడారి మొక్కను వరుసలుగా నాటుచున్నారు. పడవలు తిరిగిన చోట ఆ మొక్కలు మోకాలెత్తున లేచుచున్నవి.