మా దొరబాబు ఇంజక్షను

మా యింట్లో షుగరు జబ్బువాళ్ళు ఇద్దరు. ఒకరు మా అమ్మ. 2022 నాటికి ఆవిడకి 84 ఏళ్ళు. రెండోవాడు దొరబాబు. వాడికి 11. దొరబాబంటే మా మనవడనుకునేరు, పిల్లి.

నిజానికి వాడు మా పిల్లి కాదు. హైదరాబాదులో వుద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయి పెంచుకున్న పిల్లి. 2019లో దానికి అమెరికా ప్రయాణం వచ్చిపడితే, "నాలుగు నెలలేగా నాన్నా!" అంటూ వాణ్ణి బుట్టలో పెట్టి కాకినాడ తీసుకొచ్చి మా వరండాలో దింపి వెళ్ళింది. ఆ నాలుగు నెలలూ ఇంకా పూర్తి కాలేదు. తెల్లటి వొంటిమీద పసుప్పచ్చ మచ్చలు, ఆరు కిలోల బరువు, తొందరన్నది ఎరగని నడక. ఆ నడక చూసే మా పక్కింటివాళ్ళు దొరబాబని పేరు పెట్టారు. మా అమ్మాయి పెట్టిన ఇంగ్లీషు పేరేదో వుండేది గాని, దానికి వాడూ పలకలేదు, మేమూ పలకలేకపోయాం.

మా అమ్మకి పిల్లంటే సరిపడదు. గుడికని బయలుదేరిన ప్రతిసారీ వాడు గుమ్మంలో అడ్డంగా పడుకునేవాడు. ఆవిడ వెనక్కి వచ్చి, కూచుని, కాసిని మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరేది. వాడు మళ్ళీ అక్కడే. "ఈ ముదనష్టపు జంతువు వున్నన్నాళ్ళూ నాకు దైవదర్శనం లేదురా," అనేది. మడి కట్టుకున్నప్పుడు వాడు వంటింటి గడప దాటితే యిక ఆ పూటకి మా ఆవిడకి తలంటే.

మాది శాకాహారుల కొంప. అమ్మాయి పంపే డబ్బాలోని గింజల మేతా, మేం పెట్టే పెరుగన్నమూ, సాయంత్రం పాలూ, ఇదీ దొరగారి భోజనం. పిల్లి మాంసాహారి అని పిల్లలకి పాఠం చెప్పినవాళ్ళమే గాని, యింట్లో పిల్లికి ఆ పాఠం వర్తిస్తుందని తట్టలేదు.

2022 వేసవిలో వాడు నీళ్ళు తాగడం మొదలుపెట్టాడు. ఎండలు కదా అనుకున్నాను. గిన్నె చాలక స్నానాలగదిలో బకెట్టు అంచు పట్టుకు వేళ్ళాడుతూ తాగేవాడు, తులసికోట పళ్ళెంలోవీ తాగేవాడు. తిండి రెట్టింపయింది, వొళ్ళు మాత్రం సగమయింది. ఓ రోజు మా అమ్మ పెరటి వసారాలో వాడి యిసుక తట్ట దగ్గర నిలబడి నన్ను కేకేసింది. తట్ట నిండా చీమలు. "ఒరేయ్ అబ్బాయ్, వీడికీ నా జబ్బే!" అంది. మధుమేహమని మనవాళ్ళు పేరు పెట్టింది ఆ తీపిని చూసేగా! నేను నవ్వాను. నవ్వి, మరో వారం పోనిచ్చాను.

వెనకకాళ్ళ మడమలు నేలకి ఆనించి కుందేల్లాగా నడుస్తున్నప్పుడు గాని ఆస్పత్రికి పట్టుకెళ్ళలేదు. డాక్టరు నా దగ్గర లెక్కలు నేర్చుకున్న కుర్రవాడే. రక్తం పరీక్షిస్తే 412. "దీన్నొక్కదాన్నే నమ్మకూడదు మాస్టారూ. ఆస్పత్రి చూసి బెదిరినా పిల్లికి చక్కెర పెరుగుతుంది," అని, గడచిన ఒకటి రెండు వారాల తీరు తెలిపే మరో పరీక్ష చేయించాడు, మూత్రమూ చూశాడు. ఆ మడమల నడక కూడా షుగరువల్లేనట, నరాలు దెబ్బతిని. గ్లార్జిన్ అనే ఇన్సులిన్ రోజుకి రెండుసార్లు, పూటకి రెండు యూనిట్లు అన్నాడు.

సరిగ్గా నూరేళ్ళ కిందట, 1922 జనవరిలో, టొరాంటోలో పద్నాలుగేళ్ళ కుర్రవాడు లియొనార్డ్ థాంప్సన్‌కి మొట్టమొదటిసారి ఇన్సులిన్ గుచ్చారు. అంతకుముందు ఏడాది బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు ఆ మందు కోసం కుక్కలమీద ప్రయోగాలు చేశారు. కుక్కల పుణ్యాన మనిషికి దక్కిన మందు నూరేళ్ళు తిరిగేసరికి కాకినాడలో ఒక పిల్లికి నా చేతులమీదుగా వెళ్ళబోతోందన్నమాట. ఈ మాట మా అమ్మతో అంటే, "కబుర్లు తరవాత, ముందు నాకు వెయ్యి, తరవాత దానికి," అంది.

అదీ వరస. పొద్దున్న ఏడింటికీ, సాయంత్రం ఏడింటికీ, మొదట అమ్మకి, తరవాత దొరబాబుకి. మెడ వెనక చర్మం రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుని సూది దింపితే అయిపోయింది. వాడు గింజుకునేవాడు, గుర్రుమనేవాడు, నా చొక్కా పీకేవాడు. అయినా నెల తిరిగేసరికి ఇద్దరికీ అలవాటైంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అమ్మ ఇన్సులిన్ సీసామీద 40 అని వుంటుంది. అంటే మిల్లీలీటరుకి 40 యూనిట్లు. దాని సిరంజికి మూత ఎర్రగా వుంటుంది. దొరబాబు మందు చిక్కనిది, మిల్లీలీటరుకి 100. దాని సిరంజి మూత నారింజరంగు. రెండూ మొదటిరోజే డాక్టరు నా యెదట పెట్టి చెప్పాడు. నేను తలూపాను. ముప్ఫై నాలుగేళ్ళు నేను చెబుతూంటే పిల్లలు తలూపినట్టే.

శ్రావణమాసం వచ్చింది. మా ఆవిడ పెళ్ళికని అమలాపురం వెళ్ళింది. శనివారం సాయంత్రం చూస్తే నారింజమూత సిరంజిలు అయిపోయాయి. వాన దంచేస్తోంది. అమ్మ సిరంజిలు ప్యాకెట్టు నిండా వున్నాయి. సూది సూదేగా అనుకున్నాను. ఎర్రమూత తీసి, దొరబాబు మందు రెండో గీత దాకా లాగి, వాడికి గుచ్చేశాను.

ఆదివారం పొద్దున్న మళ్ళీ అలాగే.

ఆ పొద్దున్న సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నానో! రోజూ నేను పేపరు తెరిచి నేలమీద పరచగానే వాడు వచ్చి సరిగ్గా నేను చదివే చోట మేను వాల్చేవాడు. వాణ్ణి జరిపి రెండు వాక్యాలు, మళ్ళీ జరిపి రెండు వాక్యాలు, అలా సాగేది నా పత్రికాపఠనం. ఆదివారం వాడు రాలేదు. సామాన్ల గదిలో ట్రంకుపెట్టె వెనక నక్కి వున్నాడు. పిలిస్తే తల తిప్పి చూశాడు గాని, ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు చూశాడు. నేను చేసిందేమిటంటే, వెనక్కి వచ్చి, ఆదివారం అనుబంధంతో సహా పేపరు మొత్తం హాయిగా చదువుకున్నాను.

మధ్యాహ్నం వాడు ఆవురావురుమని తిన్నాడు. తిన్న పావుగంటకే మళ్ళీ గిన్నె దగ్గర కూచుని అరిచాడు. ఏనాడూ లేంది మా అమ్మ విస్తరి దగ్గరికి వెళ్ళి ముట్టె చాపాడు. "ఆకలి పుట్టిందంటే మందు పనిచేస్తోందన్నమాట," అన్నాను. పనిచేస్తూనే వుంది!

సాయంత్రం ఏడింటికి మూడో ఇంజక్షను. వాడు గింజుకోలేదు, గుర్రుమనలేదు. గుడ్డముక్కలాగా చేతిలో పడివున్నాడు. "చూశావా అమ్మా, ఎంత బుద్ధిమంతుడయ్యాడో!" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు గాని కళ్ళజోడు పెట్టుకుని వాణ్ణి కాసేపు చూసింది.

తొమ్మిదిన్నరకి ఆవిడ గదిలోంచి కేక. "ఒరేయ్ అబ్బాయ్, పిల్లి గోడతో మాట్లాడుతోంది, రా!"

వెళ్ళి చూద్దును గదా, బీరువా పక్క మూలలో గోడకి నుదురానించి నిలబడ్డాడు. కదలడు. పిలిస్తే వెనక్కి తిరగబోయి కాలికి కాలు అడ్డం పడి తూలాడు, కల్లు తాగినవాడిలాగా. ముక్కాలిపీట ఎక్కబోయి, అది వున్న చోటుకి జానెడు ఇవతల గెంతి, పక్కకి పడ్డాడు. కళ్ళు నల్లగా, పెద్దవిగా తెరుచుకుని వున్నాయి. వాటిలో నేను లేను.

"పక్షవాతమేమోనే అమ్మా!" అన్నాను.

"కాదు. చక్కెర పడిపోయిందిరా వాడికి. ఉగాదినాడు నాకు వచ్చిందే, అదే ఇది. ముందు విపరీతమైన ఆకలి. తరవాత కాళ్ళు నావి కావు. నువ్వు యెదురుగా నిలబడ్డావు, నువ్వెవరివో తెలియలేదు. అడుగుదామంటే నోరు పెగల్లేదు. నాకైతే తరవాత చెప్పడానికి నోరుంది, వాడికేది? గ్లూకోజు పొడి పట్రా, నిలబడతావేం!"

అమ్మ మిషనుతో వాడి చెవి అంచున సూదిమొన గుచ్చి చూశాను. 31. ఆ మిషను మనుషుల రక్తానికి చేసింది, పిల్లి రక్తానికి కాస్త తక్కువే చూపిస్తుందని తరవాత తెలిసింది. ఎంత సవరించినా 31 మంచి అంకె కాదు.

గ్లూకోజు పాకంలా కలిపి తెచ్చేసరికి వాడి నాలుగు కాళ్ళూ కొట్టుకుంటున్నాయి. ఒక నిమిషం కంటే వుండదు. అది ఆగేసరికి మా అమ్మ మంచం దిగి, నేలమీద కూచుని, వాణ్ణి వొళ్ళో పెట్టుకుని వుంది. జన్మలో పిల్లిని తాకని మనిషి. "నోట్లో పొయ్యకు, పొలమారుతుంది. చిగుళ్ళకి రాయి," అంది. వేలితో రాశాను. వాడు పెదవి చప్పరించనైనా లేదు. పిల్లికి తీపి తెలియదు. ఆ రుచిని పట్టే జన్యువు పిల్లిజాతిలో చెడిపోయిందని 2005లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థవాళ్ళు కనిపెట్టారు. తేనె వేసినా, పంచదార వేసినా వాడికి ఒకటే. మనమే రాయాలి, రాస్తూ వుండాలి. పదినిమిషాలకి తల ఎత్తాడు. నాలుగు ముద్దలు తినిపించి, తువ్వాల్లో చుట్టి, ఆటోలో డాక్టరు దగ్గరికి పరుగు.

ముంగాలిమీద బొచ్చు గొరిగి, నరానికి గ్లూకోజు ఎక్కిస్తూ అడిగాడు, "ఎన్ని యూనిట్లు వేశారు మాస్టారూ?"

"నువ్వు చెప్పినట్టే రెండు."

"దేనితో?"

బయలుదేరే హడావిడిలో ఆ సిరంజి జేబులో వేసుకున్నాను. తీసి చూపించాను. ఎర్రమూత చూశాడు. ఏమీ అనకుండా కాస్సేపు ఆ గ్లూకోజు చుక్కలకేసి చూసి, "ఈ సిరంజిలో రెండో గీతంటే ఒక మిల్లీలీటరులో ఇరవయ్యో వంతండీ. ఆ మందులో ఇరవయ్యో వంతంటే..." అని ఆగాడు.

"అయిదు," అన్నాను.

"రెండున్నర రెట్లండి."

నా క్లాసులో వెనక బెంచీ కుర్రవాడు. ఒకప్పుడు దశాంశాలు తప్పు చేశాడని వీణ్ణి నిలబెట్టాను. ఆ సంగతి వాడికి గుర్తుందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ రాత్రి గుర్తొచ్చింది.

గ్లార్జిన్ వెంటనే దిగిపోయే మందు కాదు. పైకి తెచ్చిన చక్కెర మళ్ళీ పడిపోవచ్చునని తెల్లారేదాకా గంటకోసారి చెవి గుచ్చి చూశాడు. తరవాతి ఇంజక్షను తాను చెప్పేదాకా వెయ్యొద్దన్నాడు. "మందు ఒక పూట మానేస్తే అంత ప్రమాదం లేదు మాస్టారూ. ఎక్కువైతేనే ప్రాణాలమీదికి వస్తుంది. నాకు అంకెలకన్న ముందు వాడి నడతే చెప్పండి. దాక్కున్నాడా, వూరికే చూస్తున్నాడా, తూలుతున్నాడా, మాట వింటున్నాడా," అన్నాడు. పేపరు సంగతి అప్పుడు చెప్పాను. "అప్పుడే ఫోను చేస్తే బాగుండేదండీ," అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మూడోరోజున ఒక్క యూనిట్‌తో మళ్ళీ మొదలుపెట్టాం. పెరుగన్నం, పాలు, గింజల మేత బందు. చేపా, కోడిమాంసమూ పెట్టమన్నాడు. మా యింట్లో! మా ఆవిడ వూరినుంచి వచ్చి, జరిగిందంతా విని, నన్ను అనవలసినవన్నీ అన్నాక, ఈ చేపల మాట చెబితే నోట మాట లేక కూర్చుండిపోయింది. తీర్పు మా అమ్మే చెప్పింది. "వాడి ధర్మం వాడిది. పెరట్లో వేరే పొయ్యి పెట్టండి." ఆ పొయ్యిమీద ముక్కుకి గుడ్డ కట్టుకుని చేప వుడకబెట్టే వుద్యోగం నాది. అమ్మాయికి నెల్లాళ్ళదాకా చెప్పలేదు. ఫోనులో పిల్లిని చూపించమన్నప్పుడల్లా గొరిగిన కాలు అటువైపు తిప్పి చూపించేవాణ్ణి.

2023 సంక్రాంతి వెళ్ళేసరికి, మందు తగ్గిస్తూ తగ్గిస్తూ వుంటే, అసలు మందు లేకుండానే వాడి చక్కెర మామూలుగా నిలబడింది. తొందరగా మందు మొదలుపెట్టి, తిండి మారిస్తే కొన్ని పిల్లులకి ఇలా జరుగుతుందట. మళ్ళీ తిరగబెట్టనూ వచ్చునట. అందుకని వారానికోసారి చెవి చూడడం మానలేదు. వెనకకాళ్ళు చాలావరకు తేరుకున్నాయి గాని గోడ మాత్రం ఎక్కలేడు. అమ్మ సిరంజిలు హార్లిక్సు సీసాలో, వాడివి మా ఆవిడ తాళం వేసిన బీరువాలో. ఆ తాళం చెవి నాకివ్వరు.

అమ్మ యిప్పటికీ పొద్దున్న ఏడింటికి వేలు చాపే ముందు అడుగుతుంది, "వాడు వచ్చి పేపరుమీద పడుకున్నాడా?" అని. పడుకున్నాడంటే గాని సూది దింపనివ్వదు.